ఇరుకు నడవాలోంచి అటక గదికి ఏ మెట్లు వేయించుకోవాలి?

ప్రశ్న: ఇంటి పైకప్పు కింద ఖాళీగా ఉన్న అటకను మా పెద్దమ్మాయికి గదిగా మార్పిస్తున్నాం. పని మెట్ల దగ్గర ఆగిపోయింది. కింది నేల నుంచి అటక నేల దాకా 2 మీటర్ల 66 సెంటీమీటర్లు. నడవాలో గోడ వెంట 80 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల 10 సెం.మీ. పొడవు మాత్రమే మెట్లకు వదలగలం. ఆ గోడకు అవతల మీటరు లోతున్న చిన్న సామాన్ల గది ఉంది. కుడికాలికి ఒక పలక, ఎడమకాలికి ఒక పలక విడివిడిగా ఉండే మెట్లు పెడదామని వడ్రంగి అంటున్నాడు. మావారికి గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు నచ్చాయి. మడత నిచ్చెన చాలదా అని మా మరిది అంటున్నాడు. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఉన్నారు. అత్తగారికి పైకి వెళ్లే పనేమీ ఉండదు. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు కొలతలు రాసి చాలా మంచి పని చేశారు. చోటు తక్కువ అని మాత్రమే రాస్తే ఎవరూ సరైన సలహా చెప్పలేరు. కొలతలు ఉన్నాయి కాబట్టి సూటిగానే చెబుతాను. మీరు రాసిన మూడు రకాల్లో ఏదీ నా మొదటి ఎంపిక కాదు. మీ ఉత్తరంలోనే, మీరు పెద్దగా పట్టించుకోని చోట, ఇంకో దారి ఉంది. అదే ఆ సామాన్ల గది. దాని సంగతికి వచ్చేముందు, మెట్లను ఎలా చూడాలో కొంచెం మాట్లాడుకుందాం.

కొనేముందు మనం మెట్లు ఎక్కి చూస్తాం. ఎక్కగలిగితే బాగున్నాయనుకుంటాం. కానీ మెట్ల మీద పడేవాళ్లలో ఎక్కువమంది దిగేటప్పుడే పడతారు. ఎక్కేటప్పుడు కాలు జారితే చేతులు ముందున్న మెట్ల మీద ఆనుకుంటాయి. దిగేటప్పుడు ముందు ఏమీ ఉండదు. అందుకని ఏ మెట్లు చూసినా, అర్ధరాత్రి నిద్రమత్తులో బాత్‌రూమ్‌కి దిగుతున్న మీ అమ్మాయిని ఊహించుకోండి. ఒక చేతిలో ఫోన్, కాళ్లకు సాక్సులు, లైటు వేయలేదు. ఇంకోరోజు ఉతకాల్సిన బట్టల మూట రెండు చేతులా పట్టుకుని, కాళ్లు కనబడకుండా దిగుతుంది. ఆ మెట్లు ఆ పిల్లను క్షేమంగా కిందికి చేరుస్తాయా లేదా అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న. నేల మీద ఎంత చోటు తింటాయన్నది ఆ తర్వాత.

అత్తగారికి పైన పని ఉండదని రాశారు. మామూలు రోజుల్లో ఉండదు, నిజమే. మనవరాలు జ్వరంతో పైన పడుకుని ఉంటే ఆవిడ కింద కూర్చోగలరా? ఎక్కనే ఎక్కరు అనుకుని ఆవిడ ఎక్కలేని మెట్లు కట్టించవద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడం మరీ కష్టం.

ఇప్పుడు లెక్క. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఉన్న నిలువు కొలతను ఎత్తు అందాం, పాదం ఆనే కొలతను లోతు అందాం. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్వా బ్లోండెల్ అనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి చెప్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. రెండు ఎత్తులు, ఒక లోతు కలిపితే మనిషి మామూలుగా వేసే ఒక అంగకు సమానం కావాలి. ఇప్పటి కొలతల్లో అది దాదాపు 60 నుంచి 65 సెం.మీ. ఎత్తు పెరిగితే లోతు తగ్గాలి, ఎత్తు తగ్గితే లోతు పెరగాలి. మీ 266 సెం.మీ.ను 13 ఎత్తులుగా భాగిస్తే ఒక్కోటి 20.5 సెం.మీ. కన్నా కొద్దిగా తక్కువ వస్తుంది. లోతు 24 తీసుకుంటే మొత్తం 65. కాస్త నిటారే, అయినా ఇంట్లోవాళ్లు రోజూ వాడుకోవడానికి బాగానే ఉంటాయి. 13 ఎత్తులకు 12 పలకలు చాలు, పదమూడోది అటక నేలే కదా. తిన్నగా వేస్తే ఆ 12 పలకలకు 2 మీటర్ల 88 సెం.మీ. పొడవు కావాలి. మీకున్నది 2.10. ఈ తేడా వల్లే అందరూ నిచ్చెనల దాకా వెళ్లిపోయారు.

మడత నిచ్చెన గురించి ఒక్క మాటే. సామాన్లు పెట్టుకునే అటకకు అది సరిపోతుంది, మనిషి నిద్రపోయే గదికి వద్దు. రాత్రిపూట పొగ కమ్ముకుంటే ఆ పిల్ల నిచ్చెన విప్పుకుని దిగే పరిస్థితి రాకూడదు. మీ మరిదిగారికి ఇదే చెప్పండి, ఒప్పుకుంటారు.

గుండ్రటి మెట్లు మీవారికి ఎందుకు నచ్చాయో అర్థమవుతోంది, చూడడానికి చాలా అందంగా ఉంటాయి. బొమ్మలో చూస్తే చోటే పట్టనట్టు కూడా అనిపిస్తాయి. కానీ సౌకర్యంగా దిగాలంటే వాటికి కనీసం 1 మీటరు 40 సెం.మీ. వ్యాసం కావాలి. మధ్య స్తంభం పోగా అప్పుడు మనిషికి మిగిలేది 60, 65 సెం.మీ. ఇలాంటి మెట్లకు అమెరికా నమూనా భవన నిబంధనలు అడిగే కనీస వెడల్పే 66 సెం.మీ. మీ నడవాలో వదలగలిగేది 80. అందులో గుండ్రటి మెట్లు పట్టవు. పట్టించినా స్తంభం పక్కన పాదం ఆనదు, ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగలేరు, పరుపూ బల్లా పైకి వెళ్లవు. వాటిని ఇంతటితో పక్కన పెట్టేయండి.

వడ్రంగి చెప్పినవి అలా తీసిపారేసేవి కావు. ఆ మెట్ల కిటుకు బాగుంటుంది. నిటారుగా ఉన్న మెట్లలో ఇబ్బంది ఏమిటంటే, దిగేటప్పుడు వెనక కాలి మడమ పై పలక అంచుకు తగులుతుంది. అందుకని ఒక్కో పలకను ఒకవైపు వెడల్పుగా, రెండోవైపు సన్నగా కోస్తారు. ఒక పలక కుడివైపు వెడల్పు, తర్వాతది ఎడమవైపు. కుడికాలు ఎప్పుడూ కుడి పలకల మీద, ఎడమకాలు ఎడమ పలకల మీద పడుతుంది. నిటారుగా ఉన్నా పాదం మొత్తం ఆనడానికి చోటు దొరుకుతుంది. మీ ఎత్తుకు ఇవి దాదాపు ఒకటిన్నర మీటరు పొడవులో సరిపోతాయి, మామూలు మెట్లకు కావలసినదాంట్లో సగం.

మరి ఎందుకు వద్దంటున్నాను? ఆ మెట్ల మీద ఏ కాలు ముందు వేయాలో మీకు బదులు మెట్లే నిర్ణయిస్తాయి. మొదటి అడుగు తప్పు కాలితో పడితే తర్వాతి అడుగు సన్నటి వైపు పడుతుంది. మధ్యలో ఆగి రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టడానికి ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగేది సరిగ్గా అలాగే, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కూడదీసుకుని. కాబట్టి మీ అత్తగారికి ఈ మెట్లు లేనట్టే లెక్క. మీ బాబు వారంలో అలవాటు పడతాడు, వాడి గురించి నాకు బెంగ లేదు. వాడి స్నేహితులు వచ్చి పైకి పరిగెత్తినప్పుడే బెంగ, వాళ్లకు ఈ అలవాటు ఉండదు. ఇంగ్లండ్ నిబంధనలు ఈ రకాన్ని మామూలు మెట్లకు చోటే లేని అటకల్లో, పైన ఒక్క గది ఉన్నప్పుడే ఒప్పుకుంటాయి, అది కూడా రెండువైపులా పట్టుకునే కమ్మీ ఉంటేనే. అంటే వేరే దారి లేనప్పుడు వాడుకోవాల్సిన మెట్లు ఇవి. మీకు వేరే దారి ఉందని నా నమ్మకం.

ఆ దారి మలుపు మెట్లు. ఒక కాగితం తీసుకుని గీస్తూ చదవండి. నడవాలో మీరు వదిలిన 2.10 మీటర్లలో చివరి 80 సెం.మీ.ను మలుపుకు ఉంచండి. మిగిలిన 1.30లో 24 సెం.మీ. లోతున్న తిన్నటి మెట్లు 5 పడతాయి. మలుపు దగ్గర 80కి 80 చదరంలో, లోపలి మూల వైపు సన్నగా, బయటి వైపు వెడల్పుగా ఉండే మూడు మలుపు పలకలు వేస్తారు. మధ్య పలక గాలిపటం ఆకారంలో ఉంటుంది. అక్కడికి 8 మెట్లు అయ్యాయి. ఇంకా కావలసినవి 4. అవి మలుపు తిరిగి, గోడలోంచి సామాన్ల గది వైపు వెళ్తాయి. నాలుగు 24లు 96, మీ గది లోతు మీటరు. సరిపోయింది.

సామాన్ల గది పోతుందేమో అనుకోకండి. ఎనిమిదో మెట్టు మీదికి వచ్చేసరికి మీరు నేల నుంచి 1 మీటరు 64 సెం.మీ. పైన ఉంటారు. చివరి నాలుగు మెట్లు అక్కడినుంచి పైకే వెళ్తాయి. వాటి కింద, మెట్ల మందం పోయినా, ఒకటిన్నర మీటరుకు పైగా ఎత్తు మిగులుతుంది. కింది అరలన్నీ ఉంటాయి, పోయేది పై భాగమే. గోడను కూడా నేల దాకా కొట్టక్కర్లేదు, ఆ మెట్లు దాటే పై భాగం తెరిస్తే చాలు. గోడ బరువు మోస్తున్నదా, ఉత్త అడ్డుగోడా అన్నది మాత్రం పని మొదలుపెట్టకముందే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాలి. ఆ గది తలుపు ఎటువైపు ఉందో మీరు రాయలేదు. అది నడవాలో ఈ మెట్లు వచ్చే గోడకే ఉంటే మెట్లు దానికి అడ్డం పడతాయి, తలుపు పక్క గోడకు మార్చుకోవాల్సి వస్తుంది.

మలుపు పలకల మీద ఒక జాగ్రత్త అవసరం. వాటి లోపలి మూల సన్నగా ఉంటుంది, అక్కడ కాలు పెడితే పాదం ఆనదు. మీ 80 సెం.మీ. వెడల్పులో సరిగ్గా మధ్యన నడిస్తే ఒక్కో మలుపు పలక లోతు 21 సెం.మీ. దొరుకుతుంది, తిన్నటి మెట్ల 24 కన్నా తక్కువ. లోపలి మూలకు అర మీటరు దూరంలో నడిస్తే 26 దొరుకుతుంది. పట్టుకునే కమ్మీ ఏ వైపు ఉంటే మనిషి ఆ వైపే నడుస్తాడు. అందుకని మలుపులో కమ్మీని బయటి గోడకు, అంటే పలకలు వెడల్పుగా ఉన్న వైపుకు పెట్టించండి. వడ్రంగులు చాలాసార్లు లోపలి స్తంభానికి పెట్టి వదిలేస్తారు. రెండువైపులా పెట్టించగలిగితే మీ అత్తగారికి ఇంకా మంచిది.

ఇంతవరకూ నేల లెక్క. మెట్లు పడతాయో లేదో చివరికి తేల్చేది మాత్రం తల. అటక మెట్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చోటు చూసి మెట్లు గీస్తారు, కట్టాక చూస్తే పై చివర వాలు కప్పు నుదుటికి తగులుతుంది. ఏ మెట్టు మీద నిలబడినా, పలక అంచు నుంచి నిలువుగా 2 మీటర్లు ఖాళీ ఉండాలి. కప్పు వాలుగా ఉన్న అటకల్లో ఇంగ్లండ్ నిబంధనలు మెట్ల మధ్యన 1.90, పక్కన 1.80 ఉన్నా ఒప్పుకుంటాయి. అంతకన్నా తగ్గితే రోజూ తల వంచుకునే బతకాలి.

దీన్ని రెండు చోట్ల చూసుకోవాలి. ఒకటి, కింది సీలింగ్‌లో చేసే ఖాళీ. మీ సీలింగ్ నేల నుంచి 2.40 ఎత్తులో ఉందనుకుందాం. రెండో మెట్టు నేలకు 41 సెం.మీ. పైన ఉంటుంది. అంటే ఆ మెట్టు మీద నిలబడేసరికే తలకూ సీలింగ్‌కూ మధ్య 2 మీటర్ల లెక్క అయిపోతుంది. అక్కడినుంచి పై మెట్టు దాకా తల మీద సీలింగ్ ఉండకూడదు. కాబట్టి సీలింగ్‌లో ఖాళీ దాదాపు మెట్లంత పొడవూ కావాలి. ఆ మేరకు అటకలో నేల తగ్గుతుందని మీ అమ్మాయి మంచం, బల్ల గీసుకునేటప్పుడే గుర్తుపెట్టుకోండి. సీలింగ్ దూలాలను కోయాల్సి వస్తే, కోసిన కొసలను పట్టుకునేలా అడ్డ దూలాలు వేసి, పక్కవాటిని బలపరచాలి. పైగా మామూలు అటకల సీలింగ్ దూలాలు మనుషులూ మంచాలూ మోయడానికి వేసినవి కావు. ఏది కోయాలో, ఏది కోయకూడదో ఇంజినీర్ చెప్పాలి, పనివాళ్లు చూసి అంచనా వేస్తే సరిపోదు.

రెండోది పై చివర. నేను చెప్పిన మెట్లు సామాన్ల గది మీదుగా అటకలోకి తేలతాయి. అక్కడ కప్పు ఎంత ఎత్తులో ఉంది? కప్పు నడికొప్పు, అంటే అన్నిటికన్నా ఎత్తైన చోటు, ఆ దరిదాపుల్లో ఉంటే ఏ దిగులూ లేదు. సామాన్ల గది ఇంటి అంచున ఉంటే మాత్రం అక్కడ కప్పు బాగా కిందికి దిగి ఉంటుంది. అప్పుడు ఇదే మెట్లను తిరగేసి ఆలోచించాలి. మొదటి నాలుగు మెట్లు సామాన్ల గదిలో మొదలై, మలుపు తిరిగి, మిగతావి నడవా మీదుగా పైకి వెళ్తాయి. అలా చేస్తే ఆ గది మెట్ల దారిగా మారుతుంది, దాని వెనకవైపు నుంచి లోపలికి రావడానికి వీలూ ఉండాలి. కొద్దిపాటి ఎత్తే తక్కువైతే సరిగ్గా మెట్ల మీద కప్పులో కిటికీ పెట్టించవచ్చు. కప్పు మందంలో కొంత ఖాళీ తలకు దక్కుతుంది, పగలు వెలుతురూ వస్తుంది. ఎత్తు బాగా తక్కువైతే అక్కడ కప్పును కొంతమేర పైకి లేపాల్సిందే. అది ఖర్చుతో కూడిన పనే, అయినా గదిని పెద్దది చేయడానికి పెట్టే డబ్బు కన్నా మెట్ల మీద కప్పు లేపడానికి పెట్టే డబ్బు ఎక్కువ అక్కరకు వస్తుందని నా అభిప్రాయం.

మీరు రాసిన 2.66 గురించి ఒకటి అడగాలి. అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? కింద టైల్స్, పైన చెక్క నేల వేశాక ఉండే కొలతేనా? మా ఇంట్లో మెట్లు పెట్టినప్పుడు కింది నేలకు ఇంకా టైల్స్ వేయలేదు. తర్వాత వేసిన టైల్స్, వాటి కింది సిమెంటు కలిసి 3 సెంటీమీటర్లు లేచాయి. దాంతో అన్నిటికన్నా కింది మెట్టు మిగతావాటి కన్నా 3 సెం.మీ. పొట్టిదైంది. చూస్తే తెలియదు. దిగేటప్పుడు మాత్రం నేల అనుకున్నదానికన్నా ముందే కాలికి తగిలేది. మా అమ్మ రెండుసార్లు అక్కడే తూలింది, రెండోసారి మణికట్టు వాచింది. మెట్ల ఎత్తు 19 అయినా 20 అయినా కాళ్లు సర్దుకుంటాయి. అన్నీ ఒకేలా ఉండకపోతే మాత్రం సర్దుకోలేవు, ఎందుకంటే మూడో మెట్టు దగ్గరకొచ్చేసరికి మనం చూడడం మానేసి గుర్తుతో నడుస్తాం. కాబట్టి పైనా కిందా నేల పని పూర్తయ్యాక ఉండే ఎత్తు ఎంతో తేల్చి, వడ్రంగికి ఆ అంకె కాగితం మీద రాసి ఇవ్వండి.

మిగతావి చిన్నవే, కానీ వదలవద్దు. మెట్ల కిందా పైనా రెండుచోట్ల నుంచీ వేసి ఆర్పగలిగే స్విచ్ పెట్టించండి. పలకల అంచు రంగు కాస్త తేడాగా ఉంటే దిగేటప్పుడు అంచు కనబడుతుంది. నున్నటి పాలిష్ వద్దు. పైన మెట్ల ఖాళీ చుట్టూ గట్టి రెయిలింగ్ ఉండాలి. దాని ఊచల మధ్య గానీ, పలకల మధ్య తెరిచి ఉంచితే అక్కడ గానీ 10 సెం.మీ. సందు కూడా ఉండకూడదు, చిన్నపిల్లల తల దూరకుండా ఉండడానికి ఆ కొలత. పొగ పసిగట్టి మోగే అలారం మెట్ల కింద ఒకటి, అటకలో ఒకటి పెట్టించి, ఒకటి మోగితే రెండూ మోగేలా కలిపించండి. అటక గదికి మెట్లే దారి, పొగ కూడా ఆ దారినే పైకి వెళ్తుంది. మీరుండే చోట భవన నిబంధనలు మెట్ల ఏటవాలుకూ, మంటల భద్రతకూ ఏం అడుగుతున్నాయో అనుమతి తీసుకునేటప్పుడే కనుక్కోండి. మంచం, అల్మారా లాంటి పెద్ద సామాన్లను మలుపు మెట్లు బిగించకముందే, సీలింగ్ తెరిచి ఉన్నప్పుడే పైకి చేర్చేస్తే తర్వాత గోడలు గీసుకుపోవు.

ఒకవేళ ఇంజినీర్ గోడ తెరవకూడదన్నా, కప్పు కలిసిరాకపోయినా, అప్పుడు వడ్రంగి చెప్పిన మెట్లకే రండి. వచ్చేముందు అలాంటివి ఇప్పటికే ఉన్న చోటు ఒకటి వెతికి, మీ అమ్మాయిని తీసుకెళ్లి, చేతిలో బట్టల మూట పెట్టి పదిసార్లు దింపించండి. పదోసారి కూడా ఆ పిల్ల కాళ్లకేసి చూసుకుంటూ దిగుతుంటే ఆ మెట్ల మీద డబ్బు పెట్టకండి. మరీ తప్పకపోతే రెండువైపులా కమ్మీలు పెట్టించి, మొదటి పలక మీద ఏ కాలు పెట్టాలో కనబడేలా గుర్తు వేయించండి.

ఈ వారం చేయాల్సింది ఒకటే. అటకలోకి ఎక్కి, సామాన్ల గది వెనక గోడకు సరిగ్గా పైన ఎక్కడొస్తుందో గుర్తుపెట్టుకుని, అక్కడ నేల నుంచి వాలు కప్పు లోపలి అంచు దాకా నిలువుగా కొలవండి. కప్పు లోపలివైపు వేయబోయే చెక్క, ఇన్సులేషన్ మందం అందులోంచి తీసేయండి. తర్వాత నడవాలో నేల మీద టేపు అతికించి 80 వెడల్పులో ఐదు మెట్లూ, మలుపూ గీసి, రెండు రోజులు ఆ గీతల పక్క నుంచే నడుస్తూ చూడండి. మీకు నడవా ఇరుకనిపిస్తే అది ఇప్పుడే తెలుస్తుంది. అటకలో తీసిన ఆ ఒక్క కొలత, సామాన్ల గది తలుపు ఎటువైపు ఉందో, ఈ రెండూ రాసి పంపండి. మెట్లను ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో వాటిని బట్టి చెబుతాను.